వైమానిక సేనాపతి సుబ్రతో ముఖర్జీ జీవితము

మన సంఘపు వార్షిక మహాసభ యీయేడు కళింగపట్నమున కూడుచున్నది. ప్రత్యేక సంచికకు ఒక మహాపురుషుని జీవితమును వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు, మన కులపెద్దలలో నొకరి చరిత్రమునే వ్రాయుదునని వారు తలచియుందురు. నేనెన్నుకొన్నవాడు మన కులమువాడు కాడు, మన భాషవాడును కాడు. ఆయన వంగదేశీయుడు, పేరు సుబ్రతో ముఖర్జీ. భారత వైమానిక దళమున చేరిన మొదటి అయిదుగురు వైమానికులలో నొకడై, ఇరువదిరెండేండ్లకు ఆ దళమంతటికిని అధిపతియైన మొదటి భారతీయుడు. ఆయన కీర్తిశేషుడై అరువదేండ్లు దాటినది. ఇంతమంది మహనీయులుండగా ఈయనయే ఏల యని అడుగుదురేని, కారణము ఈ రేవులోనే యున్నది.

వంశధార సముద్రమున కలియు ఈ రేవున ఒకప్పుడు పొగయోడలు ఆగుచుండెడివి. కూలికిని, బేరమునకును రంగూనుకు పోవు మనవారు ఆ ఓడలనే ఎక్కిరి. 1942వ సంవత్సరము మార్చి నెలలో రంగూను జపానువారి వశమైనది. అచ్చటి మనవారు కొందరు ఓడలమీదను, ఎందరో కాలినడకను కొండలు దాటియు స్వదేశమునకు వచ్చిరి. వచ్చుచు దారిలో రాలిపోయినవారును కలరు. మరుసటి నెల 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్నముమీదను, కాకినాడమీదను బాంబులు వేసినవి. ఆ వారములోనే బంగాళాఖాతమున సుమారు ఇరువది వర్తకపు ఓడలు మునిగినవి. తీరగ్రామములవారు మూటాముల్లె కట్టుకొని ఎగువకు పోయిరని మా తాతగారు చెప్పుచుండెడివారు. జపానువాని విమానములనుగూర్చి ఊరంతయు కథలు కథలుగా చెప్పుకొన్నదట. విమానము నడుపువారు మన దేశీయులలోను ఉన్నారనియు, విశాఖపట్నముననే తీరరక్షణకై మన వైమానిక దళపు చిన్న శాఖ యొకటి పాతబడిన విమానములతో కాపున్నదనియు మా ఊరిలో ఒక్కరికిని తెలియదట. ఆ మాట చిన్ననాటనుండి నా మనస్సున నాటుకొన్నది. ఆ దళమును మొదటినుండి మోసినవాడెవడని విచారింపగా దొరికిన పేరు ముఖర్జీది.

ఆయన 1911వ సంవత్సరము మార్చి 5వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి సతీశచంద్ర ముఖర్జీ ఐ. సి. యస్. ఉద్యోగి. తల్లి చారులత విద్యావతి. తాత నివారణచంద్ర ముఖర్జీ బ్రహ్మసమాజమునందు ప్రముఖుడు. మాతామహుడు ప్రసన్నకుమార రాయిగారు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలకు భారతీయులలో మొదటి ప్రిన్సిపాలు. అక్కగారైన రేణుకా రాయి తరువాత పార్లమెంటు సభ్యురాలై పేరొందెను. నలుగురు బిడ్డలలో సుబ్రతో కడగొట్టువాడు. ఇట్టి యింట పుట్టినవాడు న్యాయవాదియో, కలెక్టరో కావలెనని లోకము తలచుట సహజము. కాని ఆ వంశముతో సంబంధముగల మరియొకని కథ ఆ యింట పిల్లలు వినుచు పెరిగియుందురు. ఆయన ఇంద్రలాల్ రాయి, సుబ్రతోకు మేనమామ వరుస. మొదటి ప్రపంచ యుద్ధమున ఆంగ్లేయ వైమానిక దళమున చేరి, 1918వ సంవత్సరమున పదమూడు దినములలో పది శత్రు విమానములను గెలిచి, అదే జూలై నెలలో పందొమ్మిదేండ్ల ప్రాయమున ఆకాశముననే ప్రాణము విడిచిన వీరుడు. కుటుంబమున ఒకడు ఆ విధముగా పోయిన తరువాత మరియొక బిడ్డను అదే దారికి పంపిన తలిదండ్రుల ధైర్యము చిన్నది కాదు. మన యిండ్లలో కుఱ్ఱవాడు సైన్యములో చేరెదనన్నచో ఏమి జరుగునో చదువరులకు నేను చెప్పనక్కరలేదు.

ఆ కాలమున భారతీయుడు యుద్ధవిమానము నడుపుటకు అర్హుడా యన్నది ఒక పెద్ద వివాదము. ఇంద్రలాల్ రాయి వంటివారు చూపిన పరాక్రమమును ఎరిగియు దొరతనమువారు ఆ ద్వారమును మూసియే యుంచిరి. భారతీయులకు యంత్రజ్ఞానము పట్టుబడదనియు, నాయకత్వము చేతకాదనియు వారిలో పలువురి విశ్వాసము. శాసనసభలలో మన నాయకులు పట్టుబట్టి అడుగగా, 1925లో స్కీన్ దొర అధ్యక్షతను ఒక విచారణ సంఘము ఏర్పడెను. మోతీలాల్ నెహ్రూ, జిన్నా మొదలైనవారు అందు సభ్యులు. ఆ సంఘపు సిఫారసు ఫలితముగా ఇంగ్లండులోని క్రాన్‌వెల్ వైమానిక విద్యాలయమున భారతీయులకు ప్రవేశము లభించెను. 1930వ సంవత్సరమున అచ్చటికి పోయిన మొదటి భారతీయ విద్యార్థులలో సుబ్రతో ముఖర్జీ యొకడు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేండ్లు.

వెళ్ళినవారు ఆరుగురు. హరీశచంద్ర సర్కారు, సుబ్రతో ముఖర్జీ, భూపేంద్ర సింగ్, అమరజీత్ సింగ్, ఐజాద్ బక్ష్ అవాన్ అను అయిదుగురు వైమానికులైరి. ఆరవవాడగు టాండన్ విమానము నడుపుటకు ఎంపిక కాక సరఫరా శాఖయందు నియుక్తుడయ్యెను. 1932వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన భారత వైమానిక దళము చట్టరీత్యా ఏర్పడినది. నేటికిని ఆ దినమునే ఆ దళమువారు జన్మదినముగా జరుపుకొందురు. అదే దినమున ఆ అయిదుగురును అధికారులుగా నియమింపబడిరి. కావున ఆ దళమునకును ముఖర్జీ ఉద్యోగమునకును వయస్సు ఒక్కటియే.

1933వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన కరాచీనగర సమీపమందలి డ్రిగ్ రోడ్డు స్థావరమున మొదటి స్క్వాడ్రన్ యొక్క మొదటి శాఖ ప్రారంభమయ్యెను. దాని సంపత్తి వాపిటీ యను పేరుగల 4 విమానములు. అధికారులు ఆరుగురు, పనివారైన సిపాయిలు 19 మంది, పైన నాయకుడుగా బౌచియర్ అను ఆంగ్లేయుడు. వాపిటీ యనునది ఒకదానిపై నొకటిగా రెండు రెక్కలుండి, పైకప్పులేని రెండు ఆసనములు గలిగిన విమానము. లోహపు చట్రముమీద గుడ్డ తొడిగిన శరీరము. ముందు కూర్చున్నవాడు నడుపవలెను, వెనుకనున్నవాడు తుపాకి పట్టవలెను. ఎండకును చలికిని తల దాచుకొనుటకు ఏమియు లేదు. మన పడవవానికి గాలివాటము తెలిసినట్లు ఆ వైమానికునికి కొండగాలి తెలిసియుండవలసినదే, లేకున్న బ్రతుకు లేదు.

ఈ దళము నిలువదనియు, సంవత్సరములోపలనే మూతబడుననియు జోస్యము చెప్పినవారుండిరి. మొదటి యేడే వారి జోస్యము ఫలించునేమో యనిపించెను. 1933 సెప్టెంబరులో జరిగిన ప్రమాదమున భూపేంద్ర సింగును, అమరజీత్ సింగును మరణించిరి. ఆకాశమునకెగిరిన అయిదుగురిలో ఇద్దరు ఆరునెలలు తిరుగకుండ నేలపాలైరి. కొంత కాలమునకు మరియొక ప్రమాదము జరుగగా సర్కారు కొలువు వీడవలసివచ్చెను. మొదటివారిలో మిగిలిన వైమానికులు ముఖర్జీ, అవాన్ ఇద్దరే.

ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. ఆ రెండేండ్లలో ముఖర్జీ ఇంటికి తిరిగి పోయియుండిన ఎవరును తప్పుపట్టియుండరు. తండ్రి పలుకుబడికి మంచి యుద్యోగము దొరకక పోదు. సహాధ్యాయుల చితులు చూచినవాడు, మరునాటి ఉదయము అదే జాతి విమానమున ఎక్కి కూర్చుండుటకు ఎట్టి మనస్సు కావలెనో ఊహింపుడు. యుద్ధములో చూపు శౌర్యమునకు కేకలుండును, పతకములుండును. ఈ శౌర్యమునకు అవి యేవియు లేవు. ఆయన జీవితములో నాకు మిక్కిలి గొప్పగా తోచునది తరువాత వచ్చిన పెద్ద పదవి కాదు, ఈ రెండేండ్లలో ఆయన పోకుండ నిలుచుట.

సిపాయిల మాటయు చెప్పవలెను. హవాయి సిపాయిలని వారికి పేరు. ఇంజను విప్పుట, బిగించుట, రెక్కల గుడ్డ సరిచూచుట వారి పని. భారతీయుల చేతికి యంత్రము లొంగదను మాటకు జవాబు చెప్పినవారు నిజముగా వీరే. ఇంజనీరింగు చదివియు సిపాయిగా చేరిన హర్జీందర్ సింగ్ అను పంజాబీ యువకుడొకడు వారిలో నుండెను. ముఖర్జీకిని ఆయనకును స్థాయిలో ఎంతో అంతరమున్నను, దళమును నిలుపవలెనను దీక్ష ఒక్కటియే యగుటచే వారి చెలిమి జీవితాంతము సాగినది. ఆ సిపాయి తరువాత వైస్ మార్షల్ పదవికెక్కెను. ఆయన చేసిన ఒక పనిని ఈ వ్యాసము చివర చెప్పెదను.

1936 నుండి ఈ చిన్న దళము వాయవ్య సరిహద్దున పనిచేసెను. వజీరిస్థాన్ కొండలలో ఇపీ ఫకీరు అనుచరులకును ఆంగ్లేయ సైన్యమునకును పోరాటము జరుగుచుండెను. ఆ పోరాటము మనది కాదు. తమ కొండలలో పరుల పెత్తనము వలదన్న జనముపై, పరుల పెత్తనముక్రిందనున్న మరియొక జనమునుండి వచ్చిన యువకులు విమానములెక్కి పోయిరి. దీనిని దాచి వ్రాయుట నాకిష్టము లేదు. ఆ కాలపు భారతీయ సైనికోద్యోగులందరి జీవితములలోను ఈ ముడి యున్నది. పని నేర్చుకొనుటకు వేరు పాఠశాల లేదు. నేర్చిన పని ఒకనాటికి స్వదేశమునకు అక్కరకు వచ్చునని వారు నమ్మిరి. అట్లు నమ్మినవారి లెక్క తప్పలేదని 1947లో తేలినది.

ఆ సరిహద్దు దినములలోనిదే ముఖర్జీనిగూర్చి నేటికిని వైమానికులు చెప్పుకొను ఉదంతము. 1940వ సంవత్సరము ఆగస్టు నెల. ఒక కొండ ఠాణాలో మన సిపాయిల చిన్న జట్టు చిక్కుపడెను. చుట్టును శత్రువులు, లోపల తూటాలు అయిపోయినవి. ఆ రోజులలో నేలమీదివారికిని ఆకాశమునందలివారికిని నోటిమాట కలియు సాధనములు మిక్కిలి తక్కువ. నేలపై గుడ్డపట్టీలు పరచి సంకేతములు తెలుపుట వాడుక. ముఖర్జీ విమానములో పైనుండి వారి యవస్థ గ్రహించెను. స్థావరమునకు తిరిగి పోయి తూటాలు తెచ్చునంతలో క్రిందివారు మిగులరు. వెనుక ఆసనమున నున్న సిపాయి కర్తార్ సింగ్ చేత తమ తుపాకి చక్రములలోని తూటాలనే ఊడదీయించి, వారి కాళ్ళ మేజోళ్ళలో నింపించి, కొండ అంచులదాక దిగివచ్చి ఆ మూటలను ఠాణాలోనికి జారవిడిపించెను. క్రింద కాల్పులు జరుగుచునే యున్నవి. పైనున్న తమ తుపాకి ఖాళీయైనది. సహాయము వచ్చువరకు ఆ సిపాయిలు ఆ తూటాలతో నిలిచిరి. ఈ పనికిగాను ముఖర్జీ పేరు సైనిక నివేదికలలో ప్రశంసతో చేర్చబడెను. మేజోళ్ళు అను వస్తువు ఇంతటి రాచకార్యము చేసినట్లు మరెచ్చటను నేను వినలేదు.

ఇంతకు ముందే, 1939 మార్చి 16వ తేదీన, ఆయన మొదటి స్క్వాడ్రన్‌కు నాయకుడై, స్క్వాడ్రన్‌ను నడపిన మొదటి భారతీయుడని పేరొందెను. ఆ యేడే వివాహమును జరిగినది. వధువు శారదా పండిత్ మహారాష్ట్ర కుటుంబములోని కన్య. వంగదేశపు వరుడు, మహారాష్ట్రపు వధువు. ఎనుబది యేండ్లు దాటిన పిమ్మట కూడ మన సభలలో పక్క జిల్లా సంబంధమునుగూర్చి తర్జనభర్జనలు నడచుచుండుట చూచినప్పుడు, ఈ ఉభయ కుటుంబముల పెద్దలకు నమస్కరింపబుద్ధి పుట్టును.

రెండవ ప్రపంచ యుద్ధకాలమును క్లుప్తముగానే చెప్పెదను, ఏలయన ఆ యుద్ధమున ముఖర్జీ పేరు మ్రోగలేదు. మొదటి స్క్వాడ్రన్‌ను ఆయన 1941లో మజుందార్ అను మరియొక వంగీయ వీరునికి అప్పగించి, క్వెట్టాలోని స్టాఫ్ కళాశాలకు పోయెను. బర్మా యాకాశమున వాసికెక్కిన భాగ్యము మజుందారుకు దక్కినది. ముఖర్జీకి దక్కినవి శిక్షణము, పాలనము, కాగితములు. 1943లో కోహాట్ స్థావరమునకు అధిపతి యయ్యెను. వైమానిక స్థావరమునకు భారతీయుడు అధిపతియగుట అదే మొదలు. పిదప ప్రధాన కార్యాలయమున వైమానిక శిక్షణమును చూచెను. 4 విమానములతో మొదలైన దళము యుద్ధాంతమునకు 9 స్క్వాడ్రన్లయ్యెను. రణరంగమున నిలిచినవారికి బిరుదములు వచ్చును. ఆ రణరంగమునకు మనుష్యులను సిద్ధపరచినవారిని లోకము తలచుకొనదు. ఈ రెండవ పనియే ముఖర్జీ స్వభావమునకు తగినదని నా యభిప్రాయము.

1947లో స్వాతంత్ర్యము వచ్చినది, దేశము చీలినది, దళమును చీలినది. ఒక్క బల్లపై భోజనము చేసినవారు రెండు దేశముల వైమానికులైరి. మన దళమున మిగిలిన భారతీయాధికారులలో ముఖర్జీయే జ్యేష్ఠుడు. ఆయనను ఉపాధిపతిగా నియమించిరి. రెండు నెలలు గడచెనో లేదో అక్టోబరు 27వ తేదీన కాశ్మీరమునకు సేనలను విమానములపై తరలింపవలసి వచ్చెను. డకోటా విమానములు శ్రీనగరమున దిగి నగరమును కాపాడిన కథ అందరెరిగినదే. దళము ఇంకను పంపకపు గాయములనుండి కోలుకొనలేదు, విడిభాగములు చాలవు, మరమ్మతు స్థావరములు కొన్ని సరిహద్దు కవతలికి పోయినవి. అట్టి దినములలో కార్యాలయమున కూర్చుండి లెక్కలు సరిచూచి విమానములను కదలించువారు లేకున్న శ్రీనగరపు శౌర్యము నిలువదు.

తెలుగువారమైన మనకు 1948 సెప్టెంబరు మరవరానిది. ఆ నెల 13వ తేదీన భారతసేనలు నైజాము రాజ్యమున ప్రవేశించినవి. నాలుగైదు దినములలో హైదరాబాదు లొంగినది. నేలమీది సేనలకు జనరల్ చౌదరి నాయకుడను మాట పాఠ్యపుస్తకములలో కలదు. పైన ఎగిరిన టెంపెస్టు విమానములు వరంగల్లు, బీదరు విమానాశ్రయములను పనికిరాకుండ చేసినవనియు, ఆ వైమానిక చర్యయందు ముఖర్జీ ప్రధాన బాధ్యత వహించెననియు ఎందరెరుగుదురు? తెలుగు నేలతో ఆయనకు కలిగిన మొదటి సంబంధమిది. రెండవదియు కలదు, అది ఆయన పోయిన పిమ్మట కలిగినది.

ఇక ఆయన నిరీక్షణమునుగూర్చి చెప్పవలెను. భూసేనకు 1949 జనవరి 15వ తేదీననే కరియప్ప ప్రథమ భారతీయాధిపతి యయ్యెను. వైమానిక దళమున మాత్రము స్వాతంత్ర్యానంతరము ఎల్మ్‌హర్స్ట్, ఐవ్‌లా-చాప్‌మన్, గిబ్స్ అను ముగ్గురు ఆంగ్లేయులు వరుసగా అధిపతులైరి. ముఖర్జీ దాదాపు ఏడేండ్లు రెండవ స్థానముననే యుండెను. స్వరాజ్యము వచ్చియు తెల్లదొర ఆజ్ఞ యేమిటని ఆనాడు కొందరు సణిగిరి. వారి సణుగుడులో న్యాయము లేకపోలేదు. అయినను ఈ విషయమున నా తీర్పు వేరు. భూసేనయందు భారతీయాధికారులు 1920 ప్రాంతమునుండియు తయారగుచుండిరి. వైమానిక దళమున జ్యేష్ఠుడైన ముఖర్జీకే 1947లో ముప్పదియారేండ్లు, అనుభవము పదునైదేండ్లు. ఆయన క్రిందివారు ఇంకను పిన్నలు. ఒక్కనిని సింహాసనమున కూర్చుండబెట్టుట సులభము. వాని క్రింద శిక్షణము, సరఫరా, మరమ్మతు, యోజన యను శాఖలను నడపగలవారిని పదిమందిని సిద్ధపరచుటకు కాలము పట్టును. నౌకాదళమునకు ఇంకను ఆలస్యమై, 1958 ఏప్రిలునగాని కటారిగారు ప్రథమ భారతీయాధిపతి కాలేదు. ముఖర్జీ తొందరపడి కోరియుండిన ప్రభుత్వము కాదనియుండునా యనునది వేరు సంగతి. ఆయన ఆ యేండ్లను చేదుగా గడపలేదు, పనిగా గడపెను.

ఆ పనిలో ఒక ముక్క చెప్పెదను. యుద్ధము ముగిసినప్పుడు విదేశ సైన్యములు విడిచిపోయిన లిబరేటరు అను పెద్ద బాంబరు విమానములు కాన్పూరులో ఎవరికిని అక్కరరాని చెత్తగా పడియుండెను. పనికి రాకుండ వానిని చెడగొట్టియే విడిచిరి. మన దళమువారును, బెంగుళూరు హిందూస్థాన్ విమాన కర్మాగారమువారును ఆ శవములను ఒక్కొక్కటిగా లేపి, మరమ్మతు చేసి, ఎగురవేసి బెంగుళూరునకు తీసికొనిపోయి బాంబరు దళము నొకదానిని నిర్మించిరి. 1948లోనే వాంపైరు అను జెట్ విమానములును వచ్చినవి. ఒక చేత చెత్తనుండి విమానము, మరియొక చేత లోకమున క్రొత్తది. ఆనాటి దళపు స్థితి యిట్టిది.

పదవి స్వీకరించుటకు ముందు ఆయన లండనులోని ఇంపీరియల్ డిఫెన్సు కళాశాలలో ఉన్నత సైనిక విద్య ముగించెను. 1954 ఏప్రిలు 1వ తేదీన, డ్రిగ్ రోడ్డులో 4 వాపిటీలు ఎగిరిన దినమునకు సరిగా ఇరువదియొక్క యేండ్లకు, ఎయిర్ మార్షల్ సుబ్రతో ముఖర్జీ భారత వైమానిక దళమునకు అధిపతి యయ్యెను. ఎయిర్ మార్షల్ అనునది భూసేనలోని లెఫ్టినెంటు జనరలుతో సమానమైన పదవి. అప్పటి దళము చిన్నదగుటచే అధిపతికి అదియే పరమస్థానము. మరు సంవత్సరము సర్వసేనాధిపతి యను బిరుదమును తీసివేసి, దళాధిపతికి చీఫ్ ఆఫ్ ది ఎయిర్ స్టాఫ్ అని పేరు మార్చిరి. కావున పాత బిరుదమునకు కడపటివాడును, క్రొత్తదానికి మొదటివాడును ఆయనయే.

ఆయన అధికారకాలము ఆరున్నర యేండ్లు. ఆ కాలముననే మిస్టేరు, హంటరు యుద్ధవిమానములును, కాన్‌బెరా బాంబరులును 1957లో దళమున ప్రవేశించినవి, 1958లో నాట్ విమానములు వచ్చినవి. స్వదేశమున జెట్ యుద్ధవిమానమును నిర్మింపవలెనని కర్ట్ టాంక్ అను జర్మను నిపుణుని 1956లో బెంగుళూరునకు రప్పించిరి. ఆయన రూపకల్పన చేసిన మారుత్ విమానము 1961 జూన్‌లో మొదటిసారి ఎగిరెను. అప్పటికి ముఖర్జీ లేడు. 1965వ సంవత్సరపు యుద్ధమున మన వైమానికులు నడపిన హంటరులు, నాట్‌లు, మిస్టేరులు, కాన్‌బెరాలు అన్నియు ఆయన యేలుబడిలో వచ్చినవే. విత్తినవాడు పంట చూడకపోయెను.

ఉద్యోగమునకు వెలుపల ఆయన ప్రీతి యంతయు ఫుట్‌బాలు ఆట. కలకత్తావాడు గదా. దేశమందలి పాఠశాలల బాలురందరికిని ఒక పోటీ యుండవలెనని ఆయన తలపెట్టెను. 1960లో మొదలైన ఆ పోటీయే ఆయన పేరిట సుబ్రతో కప్పు అయినది. విమానము పేరు వినని పల్లెటూరి పిల్లవానికి సైతము ఆ పేరు తెలియును, ఎవరి పేరో మాత్రము తెలియదు.

ఆ 1960వ సంవత్సరము నవంబరు నెలలో ఎయిర్ ఇండియావారు టోక్యోనగరమునకు క్రొత్తగా విమానములు నడుపనారంభించిరి. ఆ ప్రారంభ ప్రయాణమున ముఖర్జీయు టోక్యోకు పోయెను. 8వ తేదీ రాత్రి ఒక భోజనశాలలో నౌకాదళపు మిత్రునితో భోజనము చేయుచుండగా ఒక ముక్క గొంతుకు అడ్డుపడి ఊపిరి ఆగెను. వైద్యుడు వచ్చు వ్యవధి లేకపోయెను. వజీరిస్థాన్ కొండలలో తూటాలనుండియు, గుడ్డరెక్కల వాపిటీనుండియు, ఇద్దరు సహచరులను మ్రింగిన ఆకాశమునుండియు బ్రతికి బయటపడినవాడు, శాంతికాలమున, స్నేహితుని ఎదుట, అన్నపు ముద్దతో పోయెను. వయస్సు నలువదితొమ్మిదేండ్లు. పార్థివదేహమును మరునాడు ఢిల్లీలోని పాలము విమానాశ్రయమునకు తెచ్చిరి. సైనిక మర్యాదలతో దహనము జరుగునప్పుడు ఆయన వయస్సునకు ఏడాదికొకటిగా 49 విమానములు మీదుగా ఎగిరిపోయినవి. డిసెంబరు 1వ తేదీన ఆస్పీ ఇంజనీరుగారు ఆ స్థానమును స్వీకరించిరి. దళము ఒక్క దినమును తడబడలేదు. రెండవ స్థానమున కూర్చుండి ఆయన గడపిన ఏడేండ్ల ఫలితమేమో యప్పుడు తెలిసినది.

హర్జీందర్ సింగ్ మాట చెప్పెదనంటిని. ఆయన కాన్పూరులో ఆవ్రో అను రవాణా విమానములను కూర్చు పని పైనబెట్టుకొనియుండెను. స్వదేశమున తయారైన మొదటి ఆవ్రో 1961 నవంబరు 1వ తేదీన, మిత్రుడు పోయిన యేడాదికి ఒక వారము ముందు, ఎగిరెను. దానికాయన పెట్టిన పేరు సుబ్రతో. భారతీయుల చేతికి యంత్రము లొంగదని విని 1933లో కలిసి పండ్లు కొరుకుకొన్న ఇద్దరిలో ఒకడు రెండవవానికి చేసిన తర్పణమది.

భర్త పోయిన పిమ్మట శారదా ముఖర్జీ ఇంటికే పరిమితురాలు కాలేదు. 1962లోను, 1967లోను రత్నగిరి నియోజకవర్గమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. 1977వ సంవత్సరము మే నెలలో ఆమె ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా హైదరాబాదునకు వచ్చెను. మన రాష్ట్రమునకు గవర్నరైన మొదటి మహిళ ఆమెయే. ఇరువదితొమ్మిదేండ్లకు పూర్వము భర్త పర్యవేక్షణమున విమానములు ఎగిరివచ్చిన నగరమున ఆమె రాజభవనమున నివసించెను. ఆ నవంబరు 19వ తేదీననే దివిసీమ ఉప్పెన వచ్చి వేలకొలది ప్రాణములను, సముద్రమే జీవనాధారముగాగల పల్లెలకు పల్లెలను తీసికొనిపోయెను. ఆ దారుణ సంవత్సరమున మన రాష్ట్రపు ప్రథమ పౌరురాలు ఒక వైమానికుని భార్య. 1978 ఆగస్టులో ఆమె గుజరాతు గవర్నరై మన రాష్ట్రము విడిచెను. 2007లో కాలధర్మము చెందెను.

హైదరాబాదునకు సమీపమున దుండిగల్లులో నేడు వైమానిక విద్యాలయమున్నది. దేశపు యువ వైమానికులు, యువతులును, అచ్చట శిక్షణము ముగించి కవాతు చేయుదురు. క్రాన్‌వెల్‌కు పోవుటకు ఆరుగురు సముద్రము దాటిన కాలము గతించినది. శ్రీకాకుళమునుండి దుండిగల్లునకు ఒక్క రాత్రి రైలు ప్రయాణము. దరఖాస్తు చేయు విధమును ఏ బాలుడైనను, ఏ బాలికయైనను అడిగినచో తెలుపుటకు సభాదినములలో నేను కళింగపట్నముననే యుందును.